బుడమేరు దిగువన బడి



మైలవరం చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా ఈమధ్య ఒక మాట తప్పకుండా చెవిన పడుతోంది. "మా అమ్మాయి డీఎస్సీకి చదువుతోందండీ" అనో, "మావాడికి బీఈడీ అయిపోయింది, టెట్‌లో మంచి మార్కులే వచ్చాయి" అనో. అలా చదువుతున్నవాళ్లలో చాలామందికి మనసులో ఒక కోరిక ఉంటుంది, పోస్టింగు విజయవాడలో పడితే బాగుండునని. ఆ కోరికలో తప్పేమీ లేదు. పట్నంలో ఇంటద్దె అలవెన్సు ఎక్కువ. పెళ్లయితే భార్యాభర్తలిద్దరూ ఒకచోట ఉండొచ్చు. పైగా పట్నం మనకేం దూరం? మైలవరంలో బస్సెక్కితే జి.కొండూరు, కొండపల్లి, ఇబ్రహీంపట్నం, గొల్లపూడి దాటి నెహ్రూ బస్టాండులో దిగడానికి నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ.

ఆ బస్టాండు దాటాక మొదలయ్యే సంగతులే ఈ పూట మాట్లాడదామని. పట్నంలోని సర్కారు బడిలో టీచరు కావాలనుకునేవాళ్లు ఎలా తయారవ్వాలి? పరీక్షకు ఎలా తయారవ్వాలో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. బడికి ఎలా తయారవ్వాలో చెప్పేవాళ్లు తక్కువ. నేను విజయవాడ బడుల్లో పాఠాలు చెప్పాను, మన వైపు నుంచి ట్రైనింగుకు వచ్చిన పిల్లలు నా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని చూశారు. అక్కడ గమనించినవే చెబుతాను.

ముందు పరీక్ష సంగతి కొంచెం. 2025 ఏప్రిల్ 20న మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. మొత్తం 16,347 పోస్టులు, అందులో స్కూల్ అసిస్టెంట్లవి 7,725, ఎస్జీటీలవి 6,371. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పరీక్ష జరిగింది అప్పుడే. ఏడేళ్ల పాటు పుస్తకం పక్కన పెట్టకుండా ఎదురుచూసినవాళ్లున్నారు. మధ్యలో పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, కొందరికి వయోపరిమితి దగ్గరపడింది. పరీక్షలు జూన్ 6న మొదలయ్యాయి. మన వైపు అప్పటికి మామిడి సీజను చివరికొచ్చేస్తుంది. బంగినపల్లి కాపును పూత మీదే వ్యాపారికి అమ్ముకుని, ఆ బయానా డబ్బుతో కోచింగు ఫీజు కట్టిన ఇళ్లు మన మండలంలోనే ఉన్నాయి.

ఆ కోచింగు కోసం చాలామంది పోయేది అవనిగడ్డకు. దివిసీమలో, కృష్ణ సముద్రంలో కలిసే వైపు ఉన్న చిన్న ఊరు. డీఎస్సీ కోచింగుకు రాష్ట్రమంతటా పేరు పడ్డది. ఆ చివర శ్రీకాకుళం నుంచి, ఈ చివర అనంతపురం నుంచి వచ్చి, గదులు అద్దెకు తీసుకుని, తెల్లవారుజాము నుంచి బిట్లు చదువుతారు. ఎస్జీటీ పరీక్షలో 160 ప్రశ్నలు, 80 మార్కులు, రెండున్నర గంటల సమయం. మిగిలిన 20 మార్కులు టెట్ నుంచి కలుస్తాయి. 80లో సైకాలజీకి 8, విద్యా దృక్పథాలకు 4. పియాజే చెప్పిన దశలు నాలుగు, కోల్‌బర్గ్ చెప్పిన స్థాయిలు మూడు, ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా తయారవుతారు. అర మార్కుతో ఉద్యోగం చేజారిపోయే పోటీలో బిట్లు బట్టీపట్టేవాళ్లను వెక్కిరించడానికి నాకు నోరు రాదు. వెక్కిరించే వాళ్లెవరూ ఆ గదుల్లో ఒక్క వేసవి గడిపి ఉండరు.

ఇంకో రెండు సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇప్పటికీ వీటి గురించి అడుగుతూనే ఉంటారు. బీఈడీ చేసినవాళ్లు ఒకటి నుంచి అయిదు తరగతులకు చెప్పే ఎస్జీటీ పోస్టుకు పనికిరారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చింది. చిన్నపిల్లలకు చెప్పాలంటే రెండేళ్ల డీఎల్‌ఈడీ ఉండాల్సిందే. మన ఉమ్మడి కృష్ణా జిల్లాలో దానికి సర్కారు సంస్థ గుడ్లవల్లేరు దగ్గర అంగలూరు డైట్. రెండోది, సర్వీసులో ఉన్న టీచర్లు కూడా, రిటైరవడానికి అయిదేళ్లకు పైన ఉంటే, టెట్ పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న అదే కోర్టు చెప్పింది. అందుచేత ఇప్పుడు కొన్ని ఇళ్లల్లో తల్లీ కూతురూ ఒకే గైడు పంచుకుని చదువుతున్నారు.

సరే, ఉద్యోగం వచ్చిందనుకుందాం. పట్నం బడిలో మీ ముందు కూర్చునే పిల్లలెవరు?

పట్నమనగానే మన కళ్ల ముందు బెంజి సర్కిల్, బందరు రోడ్డు మెదులుతాయి. ఆ రోడ్ల మీద కారులో తిరిగే కుటుంబాల పిల్లలు మీ బడిలో ఉండరు. విజయవాడ కార్పొరేట్ కాలేజీలకూ ప్రైవేటు స్కూళ్లకూ పుట్టినిల్లు లాంటి ఊరు. కాస్త కూడబెట్టుకోగలిగిన ఆటో డ్రైవరు కూడా పిల్లాణ్ని ఫీజు కట్టి చదివిస్తున్నాడు. పల్లెలో సర్కారు బడికి ఇప్పటికీ నలుగురు రైతుల పిల్లలు, ఇద్దరు ఉద్యోగుల పిల్లలు వస్తే రావచ్చు. పట్నంలో ఆ కలయిక ఎప్పుడో పోయింది. అక్కడి సర్కారు బడిలో మిగిలింది అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పిల్లలు, ఇళ్లల్లో పనిచేసే అమ్మల పిల్లలు, ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని బోల్టులు బిగించేవాళ్ల పిల్లలు, భవనాలు కట్టే చోటే రేకుల షెడ్డులో కాపురముండే కూలీల పిల్లలు. అంటే పట్నం సర్కారు బడి చాలాచోట్ల పల్లె బడి కంటే పేద బడి. మన వైపు నుంచి వెళ్లే అమ్మాయిలకు మొదటి వారంలో తగిలే దెబ్బ ఇదే. స్మార్ట్ టీవీ ఉన్న తరగతి గదిలో, పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లలు.

ఈ పిల్లల్లో చాలామంది నిన్నమొన్నటి దాకా పల్లెవాళ్లే. సిక్కోలు, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు, ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, మన తిరువూరు, ఎ.కొండూరు వైపు నుంచే వలస పోయినవాళ్లు. ఈ సంగతిని మన వైపు అభ్యర్థులు తమకున్న బలంగా చూసుకోవాలని నా గట్టి నమ్మకం. పట్నంలో పుట్టి పెరిగిన టీచరుకు తెలియనిది మీకు తెలుసు. పంట పోయాక ఇల్లు ఎలా ఉంటుందో, అప్పు తీరక ఊరొదలడమంటే ఏమిటో, తాత దగ్గర వదిలేసిన పిల్లాడు ఎందుకు మాట్లాడడో మీకు ఎవరూ వివరించక్కర్లేదు. తెలియనిదల్లా ఆ కుటుంబం పట్నంలో దిగాక ఏమవుతుందన్నది. దాన్ని నేర్చుకోవాలి.

ఎక్కడ నేర్చుకోవాలి? బుడమేరు వెంట నడిస్తే కొంత తెలుస్తుంది. మాట వరసకు అనడం లేదు. మన మైలవరం కొండల్లో వాన పడితే పారే వాగులు కలిసి బుడమేరవుతాయి. అది వెలగలేరు రెగ్యులేటరు మీదుగా వెళ్లి, విజయవాడకు ఉత్తరం పక్కగా పారి, చివరికి కొల్లేట్లో కలుస్తుంది. మనకది ఎండాకాలం ఎండి, వానాకాలం పొలాలకు అడ్డం పడే వాగు. 2024 సెప్టెంబరు 1న అదే బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీలను ముంచేసింది. జనం రోజుల తరబడి మేడల మీద గడిపారు. గ్యాస్ పొయ్యిలు, కుట్టుమిషన్లు, ఆధార్ కార్డులు, బడి సంచులు, అన్నీ నీళ్లలో నానాయి.

మనూళ్లో ఆ ఆదివారం వాన జోరుగా పడిందని అనుకుని ఊరుకున్నాం. మన వానే అక్కడి పిల్లల ఇళ్లలోకి వెళ్లింది. ఆ తర్వాత అక్కడి బడుల్లో పనిచేసిన టీచర్లు గమనించిన సంగతి ఒకటుంది. మబ్బు పడితే కొందరు పిల్లలు పాఠం మీద నిలవరు, ఇంటికెళతామంటారు. సంగతి తెలియని టీచరుకు అది బద్ధకంగానో, మొండితనంగానో కనిపిస్తుంది. కాలనీ ఎక్కడుందో, నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయో, ఎవరింటిది కింది అంతస్తో తెలిసిన టీచరు వేరేగా మాట్లాడుతుంది. ఈ తెలివిడికి సైకాలజీ పేపరులో మార్కులు లేవు. ఒక సాయంత్రం హెచ్ఎంకు చెప్పి ఆ వీధుల్లో తిరిగి, నాలుగిళ్ల గడప తొక్కితే వస్తుంది. అరుగు మీద మంచినీళ్లిస్తే తాగండి. పిల్లాడి మీద ఫిర్యాదులు మాత్రం ఆ రోజు చెప్పకండి.

ఇళ్లకు వెళ్లడంలో వేళ చూసుకోవాలి. పల్లెలో తల్లి పొలం నుంచి ఎప్పుడొస్తుందో మనకు తెలుసు. పట్నంలో ఇళ్ల పనికి వెళ్లే తల్లి తెల్లారకుండా పోయి పదకొండుకు వస్తుంది, మళ్లీ నాలుగుకు పోతుంది. తండ్రి రాత్రి డ్యూటీ అయితే పగలు నిద్రపోతుంటాడు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టారు, మంచిదే. అయితే ఆ రోజు కూలి వదులుకుని రాలేని తల్లి దగ్గరకు మీరే వెళ్లాల్సి ఉంటుంది. తల్లిదండ్రులు పట్టించుకోరండీ అని స్టాఫ్‌రూములో అనుకోవడం చాలా తేలిక.

ఇక భాష. విజయవాడ వన్‌టౌన్‌లో, పంజా సెంటరు వైపు ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు. కట్టుబడి పనుల దగ్గర ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలు. పుస్తకమేమో 2020 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఎ.కొండూరు తండాలో పుట్టి, ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు మాట్లాడి, ఇప్పుడు టీచరు కాబోతున్న అమ్మాయి ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, ఆమెకు ఈ ఇబ్బంది పుస్తకంలో చదవాల్సిన అవసరం లేదు. తన మొదటి ఏడాది బడిని గుర్తు చేసుకుంటే చాలు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో చేసింది ఇదే కదా. సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర భాష నేర్చుకోవాలనుకున్నారు, నేర్చుకున్నారు, వాళ్ల కోసం బడి నడిపారు. వాడుక భాష ఉద్యమానికి ఆయన పెట్టింది పేరు, కానీ ఆ పని కంటే ముందే బడి పంతులుగా ఆయన చేసిన ఈ పని నాకు పెద్దదిగా తోస్తుంది. మీ తరగతిలో ఉర్దూ పిల్లలుంటే ఓ యాభై మాటలు నేర్చుకోండి. "దాహమేస్తోంది", "కడుపు నొస్తోంది", "అర్థం కాలేదు" అన్నవి ముందు.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద విషయానికి వస్తాను, చదవడం నేర్పడం.

నాలుగో తరగతి పిల్లాడు. వాళ్లమ్మ బండి మీద ఇడ్లీ అమ్ముతుంది. రెండొందల నోటిస్తే, ప్లేటు ముప్ఫై అయితే మూడు ప్లేట్లకు పోగా ఎంత తిరిగివ్వాలో నోటితో చెప్పేస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం చూపు పక్కకు తిప్పుకుంటాడు. అక్షరాలు వచ్చు, గుణింతాలు సగం వచ్చు, ఒత్తు కనపడితే ఆగిపోతాడు. అలాంటివాళ్లు తరగతిలో ఒకరు కాదు, ఒక వరుస ఉంటారు. నాలుగో తరగతి పాఠం వాళ్లకు చెప్పినా గాలికి చెప్పినా ఒకటే. మరి ట్రైనింగులో మనం ఏం నేర్చుకుంటాం? అన్నీ సరిగా వచ్చిన తరగతికి నలభై నిమిషాల పాఠ్య పథకం రాయడం నేర్చుకుంటాం. వెనకబడ్డ పిల్లాణ్ని అందుకోవడం ఎలాగో ఎవరూ చేసి చూపించరు.

పిల్లల చదివే శక్తి మీద ప్రతిసారీ పేపర్లలో చదివే అసర్ సర్వే 2005 నుంచి జరుగుతోంది. అది పల్లెల సర్వే అన్న సంగతి చాలామందికి తెలియదు. పట్నం పిల్లల్ని అది లెక్కలోకి తీసుకోదు. అంటే సింగ్‌నగర్ పిల్లాడు చదవగలడా లేదా అన్నది ఆ సర్వే నివేదికలో మీకు దొరకదు, మీరే కూర్చుని చూడాలి. ఆ సర్వే వాడే పద్ధతే వాడుకోవచ్చు. ఒక కాగితం మీద అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, ఎక్కడిదాకా చదవగలడో చూసుకోవాలి. పిల్లాడికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. రెండు మూడు రోజుల్లో తరగతి మొత్తం మీ చేతిలో ఉంటుంది. తరవాత రోజూ ఒక గంట, తరగతితో పనిలేకుండా స్థాయిని బట్టి గుంపులు చేసి కూర్చోబెట్టాలి. ప్రథమ్ అనే సంస్థ దేశమంతా నడిపిన పద్ధతి ఇది, మన రాష్ట్రంలోనూ బడులకు వచ్చింది. పద్ధతి పాతదే. ఒకప్పటి మన వీధి బడిలో అయ్యవారు అందరినీ ఒకే పేజీ దగ్గర ఉంచేవాడు కాదు.

పట్నం టీచరుకు ఇక్కడ ఒక అదృష్టం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. పల్లెలో పిల్లాడికి బడి బయట చదవడానికి అక్షరం కనపడేది తక్కువ. పట్నంలో అడుగడుక్కీ అక్షరాలే. దుకాణం బోర్డులు, సినిమా పోస్టర్లు, సిటీ బస్సుల మీది ఊళ్ల పేర్లు. ఆ పేర్లనే తీసుకోండి. పటమట. గుణింతం లేదు, ఒత్తు లేదు, నాలుగు తలకట్టు అక్షరాలు. అక్షరాలు మాత్రమే వచ్చిన పిల్లాడు మొదటి రోజే ఒక పేటను చదివేస్తాడు. తరవాత గుణదల, ఒక కొమ్ము. విద్యాధరపురం జోలికి అప్పుడే పోవద్దు. కొత్తపేటలో ఒత్తు వచ్చింది, అయితే త కింద త, తేలిక. చిట్టినగర్‌లో ట కింద ట, చివర పొల్లు. ఎర్రకట్టలో ఒత్తులు రెండు. ఇవన్నీ దాటిన పిల్లాడికి కృష్ణలంక ఇవ్వండి. వట్రసుడి, ణావత్తు, సున్న మూడూ ఒకే మాటలో. రోజూ ఆ బస్సులు చూస్తూ పెరిగిన పిల్లాడికి ఆ మాటల శబ్దం ముందే తెలుసు, రూపం ఒక్కటే కొత్త. సాయంత్రం వాళ్ల నాన్నతో వెళుతూ బోర్డు చదివి వినిపించినవాడు మర్నాడు మీ దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. మైలవరం కూడా ఆ జాబితాలో చేర్చుకోవచ్చు, ఐత్వం నేర్పడానికి.

ఇది ఏ బిట్ బ్యాంకులోనూ లేదు. ఎవరికి వాళ్లు తమ బడి చుట్టూ తిరిగి తయారు చేసుకోవాల్సిన జాబితా. కొండపల్లి దగ్గరే ఉంది కాబట్టి ఇంకో మాట. బోధన సామగ్రి, అదే టీఎల్ఎం పేరుతో థర్మాకోల్ బొమ్మలు అంటించే బదులు, పొణికి కర్ర బొమ్మలు నాలుగు కొని తరగతిలో పెడితే, గంట సేపు పిల్లల చేత మాట్లాడించవచ్చు. మాట్లాడని పిల్లాడు చదవడు. థర్మాకోల్ ఫైనల్ లెసన్ రోజున ఎక్స్‌టర్నల్ గారికి చూపించడానికే పనికొస్తుంది, ఆ మధ్యాహ్నానికి చెత్తబుట్టలో ఉంటుంది.

ఫైనల్ లెసన్ అన్నాను కనక ట్రైనింగు గురించి చెప్పాలి. 2014 నాటి ఎన్‌సీటీఈ నిబంధనలతో బీఈడీ ఏడాది నుంచి రెండేళ్లయింది. అందులో బడిలో గడపాల్సిన కాలం కనీసం ఇరవై వారాలు. కాగితం మీద బాగుంది. జరిగేది వేరు. కొన్ని కాలేజీల్లో పిల్లలు కాలేజీ ముఖం చూడకుండానే హాజరు పడిపోతుంది. బడికి వచ్చినవాళ్లలో కొందరు చివరి బెంచీ మీద కూర్చుని రికార్డులు రాసుకుంటారు. ఆ రికార్డు ముందు బ్యాచి వాళ్లది చూసి రాసిందే. దేశంలో ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో తొంభై శాతం దాకా ప్రైవేటు చేతుల్లో ఉన్నాయని, పరిస్థితి బాగా లేదని సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ జె.ఎస్.వర్మ కమిషన్ 2012లోనే చెప్పింది. ఆ నివేదిక తర్వాత నిబంధనలు మారాయి, అలవాట్లు అంతగా మారలేదు.

డాక్టరు చదివే పిల్లలు హౌస్ సర్జన్‌గా ఏడాది పాటు పెద్దాసుపత్రిలో పెద్ద డాక్టరు పక్కన నిలబడి నేర్చుకుంటారు కదా. అమెరికాలో బోస్టన్ పట్నం బడుల వాళ్లు 2003లో టీచర్లకూ అదే పెట్టారు. టీచరు కాబోయేవాళ్లు ఒక నిండు ఏడాది అదే పట్నంలోని బడిలో, చేయి తిరిగిన ఒక టీచరు తరగతిలో ఉంటారు. బడి తెరిచిన రోజు నుంచి చివరి రోజు దాకా. బడి తెరిచిన మొదటి వారంలో టీచరు తరగతిని ఎలా దారిలో పెడుతుందో చూడకుండా, నవంబరులో వచ్చి నాలుగు పాఠాలు చెప్పి వెళ్లినవాళ్లకు అసలు పని కనపడదని వాళ్లకు తెలిసొచ్చింది. మన దగ్గర సర్కారు అలాంటిది పెడితే మంచిది. అప్పటిదాకా మన అంతట మనం చేసుకోగలిగింది ఉంది.

ఇంటర్న్‌షిప్పుకు బడి ఎంచుకునే వీలు దొరికితే, దగ్గరని చూసుకోకుండా పట్నం బడి ఒకటి అడగండి. విజయవాడ కార్పొరేషన్ బడులకు పాత చరిత్ర ఉంది, సత్యనారాయణపురంలో టంగుటూరి ప్రకాశం గారి పేరు మీదున్న హైస్కూలు లాంటివి. 2022 నుంచి ఈ మున్సిపల్ బడుల పర్యవేక్షణ కూడా పాఠశాల విద్యాశాఖకే వచ్చింది. అక్కడ అందరూ మెచ్చుకునే టీచరు ఒకరుంటారు. హెచ్ఎంను కాదు, ఆయాను అడగండి, ఎవరో చెబుతుంది. ఆ టీచరు తరగతిలో కూర్చోండి. ఆమె పాఠం ఎలా చెబుతుందన్నది సరే, పిల్లాడు ఆలస్యంగా వస్తే ఏమంటుంది, కొట్టుకుంటే ఎవర్ని ముందు పిలుస్తుంది, అరుపులు లేకుండా అరవై మందిని ఎలా కూర్చోబెడుతుంది, ఇవి చూసి రాసుకోండి. పాత బ్యాచి రికార్డు కాపీ చేయడం కంటే ఇది మీ చేతికి అక్కరకొస్తుంది.

బెత్తం సంగతి చెప్పకుండా దాటెయ్యలేను. మన తరం, మన ముందు తరం దెబ్బలు తినే చదువుకున్నాం, అయినా ఏమైందంటారు. ఏమైందో చెప్పడానికి బడి మానేసినవాళ్లు మన మధ్య లేరు, వాళ్లు మామిడి తోటల్లో కాయలు కోస్తున్నారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్ని, మనసు నొప్పించి వేధించడాన్ని రెండింటినీ నిషేధించింది. పట్నం బడిలో ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడ ఏడో తరగతి పిల్లాడు బయట పెద్దవాళ్లతో పని చేసి, మాటలు పడి, ఒక్కోసారి డబ్బు కూడా సంపాదించి వస్తాడు. వాణ్ని బెత్తంతో భయపెట్టలేరు. గౌరవంగా పేరు పెట్టి పిలిచి పని అప్పగిస్తే మాత్రం చేస్తాడు. హైదరాబాదు చుట్టుపక్కల పనిపిల్లల్ని బడికి తెచ్చిన ఎం.వి. ఫౌండేషన్, దాన్ని నడిపిన శాంతా సిన్హా గారి అనుభవం నిండా ఇదే. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, ఆ సంస్థ నడిపిన బ్రిడ్జి శిబిరాల గురించి దొరికినవి చదవండి. గిజుభాయి రాసిన "పగటి కల" పుస్తకం తెలుగులో ఉంది, దొరికితే అదీ.

గొంతు మాటేమిటి? నవ్వకండి, ఇది పెద్ద విషయమే. పక్కన ఫ్లైఓవరు, వెనక రైలు పట్టాలు, పైన ఫ్యాన్ల గోల, ముందు అరవై మంది. మూడో నెలకల్లా గొంతు పోతుంది. మైలవరం రాజావారి బాలభారతీ నాటక సమాజం ఒకప్పుడు బెజవాడలో పేరు మోగించింది. మైకులు లేని రోజుల్లో చివరి వరుసలో నేల మీద కూర్చున్నవాడికి వినపడేలా రాత్రంతా పాడిన నటులు వాళ్లు. గొంతు చించుకోకుండా దూరానికి పంపడం వాళ్లకు తెలిసిన విద్య. మన టీచర్ ట్రైనింగులో దానికి ఒక్క పీరియడు కూడా లేదు. రోజూ పావుగంట, తోటలోకి వెళ్లి చెట్ల మధ్య నిలబడి, అరవకుండా దూరంగా చదవడం సాధన చేయండి. మన ఊళ్లో ఆ సౌకర్యానికి లోటు లేదు.

ఇంతా చెప్పాక ఒక నిజం మిగిలే ఉంది. డీఎస్సీలో గెలిచినవాళ్లందరికీ మొదటే విజయవాడ రాదు. 2025 సెప్టెంబరు 25న అమరావతిలో దాదాపు పదహారు వేల మందికి నియామక పత్రాలిచ్చారు. వాళ్లలో చాలామంది మారుమూల బడులకు వెళ్లి ఉంటారు, పట్నం ఖాళీలు సీనియారిటీ పాయింట్లున్నవాళ్లు బదిలీల్లో తీసుకుంటారు కనక. మీకు మొదటి పోస్టింగు ఏ తండాలోనో పడొచ్చు. పడితే నిరుత్సాహపడొద్దు, పట్నం బడికి తయారవడం అక్కడే మొదలుపెట్టొచ్చు.

ఎలాగంటే, మీ బడి నుంచి ఏడాది మధ్యలో పిల్లలు మాయమవుతారు. తల్లిదండ్రులు పట్నానికి పనికి పోతూ తీసుకెళ్లిపోతారు. టీసీ లేదని ఏ బడీ చేర్చుకోవడం మానకూడదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. చేర్చుకుంటారు కూడా. అయితే అక్కడి టీచరుకు ఆ పిల్లాడి గురించి ఏమీ తెలియదు, మళ్లీ మొదటి నుంచి. కుటుంబం ఊరొదులుతోందని తెలిసిన రోజున ఒక తెల్లకాగితం తీసుకోండి. పిల్లాడు గుణింతాల దాకా చదవగలడు, ఒత్తులు రావు. కూడికలు వచ్చు, తీసివేతలో అప్పు తెచ్చుకోవడం దగ్గర తడబడతాడు. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ఎడమ చెవి సరిగా వినపడదు, ముందు బెంచీలో కూర్చోబెట్టండి. బొమ్మలు బాగా వేస్తాడు. ఇంతే రాసి, కింద మీ పేరు, ఫోను నంబరు వేసి, మడిచి తల్లి చేతిలో పెట్టండి, కొత్త బడిలో టీచరుకే ఇవ్వమని చెప్పండి. ఆధార్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టుకోమనండి, తడవకుండా.